సమ్మర్‌లో వయొలిన్: ఊళ్లోనే క్యాంపా, రోజూ బెజవాడ పంపడమా?

తెనాలి వైపు మా ఊళ్లో పిల్లలూ పెద్దాళ్లూ కలిసి వాయించే చిన్న వయొలిన్ బృందం ఉంది, శ్రీరామనవమి పందిట్లో, సంక్రాంతికీ వాయిస్తారు. ఏటా ఏప్రిల్ చివర స్కూళ్లు మూసేసరికి ఇదే గొడవ, టీచర్ని పిలిపించి కల్యాణ మండపంలో క్యాంపు పెట్టాలా, లేకపోతే పిల్లల్ని రోజూ బెజవాడ క్లాసులకి పంపాలా అని. నా ఓటు ఊరి క్యాంపుకే, కాకపోతే అందరికీ కాదు.

బెజవాడని తక్కువ చేయడానికి లేదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు పాఠం చెప్పిన ఊరు, ఆయన శిష్యులే బాలమురళీకృష్ణ గారూ, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారూ. 1948 నుంచి రేడియో స్టేషన్ ఉంది, ఘంటసాల గారి పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. మొదటి పాఠాలు దాటి వర్ణాల దాకా వచ్చిన పిల్లలైతే గురువు ఎదురుగా కూర్చుని గమకం గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, సరిదిద్దించుకోవాలి, వాళ్లని క్యాంపులో కూర్చోబెడితే మొదటి పాఠాలైన సరళీ వరసలు వింటూ ఆవులిస్తారు. వాళ్లని పంపేయండి, ఆలోచించక్కర్లేదు. వెస్టర్న్ పద్ధతి కావాలన్నా అంతే, స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, నేర్పేవాళ్లు దొరికితే సిటీలోనే దొరకాలి.

మిగతా వాళ్ల సంగతే అసలు సమస్య. మే నెలలో రైలు దిగి, ఆటో ఎక్కి, క్లాసయ్యి, మళ్లీ ఇల్లు చేరేసరికి పిల్లాడు వడియంలా ఎండిపోతాడు, ఇంక సాయంత్రం సాధన ఏం చేస్తాడు? వయొలిన్‌కి కూడా ఎండ పడదు, చెక్కలు అతికించే జిగురు వేడికి మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారు డిక్కీలో పెట్టారంటే అతుకు ఊడొచ్చు.

ఇంతకన్నా పెద్ద కారణం శ్రుతి. సిటీ క్లాసులో మాస్టారు వయొలిన్ తీసుకుని నిమిషంలో శ్రుతి చేసి చేతికిస్తారు, పిల్లాడు వాయించుకుని వచ్చేస్తాడు, ఒక్కడే వాయిస్తే దాంతో సరిపోతుంది. బృందంలో అలా కుదరదు, మన కర్ణాటక పద్ధతిలో నాలుగు తీగలూ స ప స ప, ఆ స, అంటే షడ్జమం, ఎక్కడ పెట్టాలో అందరూ ముందే ఒక్క మాట మీద ఉండాలి, ఒక్కడి ప, అంటే పంచమం, కొంచెం దిగినా మొత్తం వినలేం. చౌక వయొలిన్లకి తీగలు బిగించే బిరడాలు జారుతూనే ఉంటాయి, క్యాంపులో పొద్దున మొదటి అరగంట దీనికే పోతుంది. టైం వేస్టని కొందరు తల్లిదండ్రులు సణుగుతారు గానీ నాకైతే క్యాంపుకి ఫలితం అదే అనిపిస్తుంది, పెద్ద పిల్లలు చిన్నవాళ్లవి శ్రుతి చేయడం నేర్చేసుకుంటారు. ఇంకోటి తీగల మీద లాగే కమాను, ఒకడు పైకి లాగుతుంటే పక్కవాడు కిందకి లాగితే వినడానికే కాదు చూడ్డానికీ బాగోదు, పదిమంది పక్కపక్కన కూర్చుంటేనే ఆ తేడా తెలుస్తుంది.

ఆన్‌లైన్ క్లాసులు కూడా చౌకే గానీ ఫోన్లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, కలిసి వాయించడం జరిగే పని కాదు.

వీణ కూడా కలుపుదామని ఒకరంటారు, నూజివీడు దగ్గరే కదా, వీణలు అక్కడే చేస్తారు కదా అని. నాకూ ఇష్టమే గానీ ఎండాకాలంలో వద్దంటాను. వీణకి 24 మెట్లు, అన్నీ మైనంలో కూర్చినవే, రోహిణీ కార్తెలో రేకుల షెడ్డులో పెడితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, అప్పుడు మేళం కట్టేవాళ్లని, అంటే మెట్లు మళ్లీ సరిగ్గా కూర్చేవాళ్లని, వెతుక్కోవాలి.

క్యాంపుకి ఒప్పుకునే ముందు టీచర్ని ఒకటి అడగండి, జూన్‌లో స్కూళ్లు తెరిచాక కూడా వారానికోసారి వస్తారా అని. రానంటే ఆ డబ్బుతో ఇద్దరు ముగ్గురు పెద్ద పిల్లల్ని బెజవాడ పంపించి, ఆదివారాలు వాళ్ల చేతే మిగతావాళ్లకి చెప్పించడం మేలు. వస్తానంటే మాత్రం పొద్దున ఆరు నుంచి పది దాకా పెట్టేయండి, చిన్నపిల్లలకి అరసైజు, ముప్పావుసైజు వయొలిన్లు ముందే చూసుకోండి, పెద్ద సైజుది చేతికిస్తే వేళ్లు అందవు. సన్న తీగలు ఎక్కువే తెచ్చిపెట్టుకోండి, ముందు తెగేవి అవే, మన ఊరి కిరాణా కొట్లో దొరకవు.