దొడ్డికాళ్లకని బూట్లు కొనేముందు పిల్లల డాక్టరుకు చూపించండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా నడక నేర్చే వయసు పిల్లలున్నవారు, దయచేసి ఇది చదవండి.

మా పాప నిలబడితే మోకాళ్ల మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండేది. అప్పటికి 20 నెలలు. పిల్లల సామాను అమ్మే దుకాణంలో ఒకాయన పాపను రెండడుగులు నడిపించి చూసి, "ఇప్పుడే సరిచేయకపోతే పెళ్లీడుకు కూడా ఇలాగే ఉంటాయి" అన్నాడు. మా అత్తయ్య అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇనుప పట్టీల బూట్లకు 6,800 రూపాయలు, ఎముకల పుష్టికంటూ ఒక పొడి డబ్బాకు మరో 1,150 కట్టేశాం. మూడు నెలలు, పాప ఏడుస్తున్నా, రాత్రిపూట ఆ బూట్లు తొడిగాం. మడమలు ఒరుసుకుపోయాయి. కాళ్ల వంపు ఇంకా పెరిగింది.

చివరికి పిల్లల డాక్టరు దగ్గరకు వెళితే, ఆవిడ కాళ్లకన్నా ముందు మణికట్లు పట్టి చూశారు. బొద్దుగా ఉన్నాయని మేము మురిసిపోయిన మణికట్లు అవి. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ, ఎక్స్‌రేలో రికెట్స్, అంటే పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు. మణికట్లు లావెక్కింది కూడా అందుకేనట.

రోజూ రాగిజావ పెట్టాం కదా అన్నాను. రాగుల్లో కాల్షియం ఉన్నా, విటమిన్ డి చాలకపోతే అది ఒంటికి సరిగా పట్టదట. తల్లిపాలలో ఈ విటమిన్ చాలా తక్కువ, అందుకే ఏడాది నిండేవరకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. మాకూ రాసిచ్చారు, రెండో నెలలోనే మానేశాం. ఎండ కిటికీలోంచి పడుతోందిలే అనుకున్నాం. విటమిన్ డి తయారీకి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుందని తెలియదు.

రెండేళ్లలోపు కాళ్లు కాస్త వంగి ఉండటం చాలామంది పిల్లల్లో సహజమే, వాటంతటవే సర్దుకుంటాయి. వంపు పెరుగుతున్నా, ఒక కాలే వంగినా, మణికట్లు లావెక్కినా, పళ్లు ఆలస్యమైనా వెంటనే చూపించండి. అలాగని మందుల షాపులో అడిగి 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లం తెచ్చి పోయకండి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చుక్కల మందులోనూ మిల్లీలీటరుకు 400, 800 యూనిట్లవి వేర్వేరుగా దొరుకుతాయి, సీసా మార్చినప్పుడల్లా చూసుకోండి.

మందు మొదలుపెట్టి మూడు నెలలైంది. కొత్త ఎక్స్‌రేలో ఎముక గట్టిపడుతోంది. కాళ్లు తిన్నబడటానికి ఇంకా సమయం పడుతుందన్నారు. బూట్లు వాపసు తీసుకోమంటే, కొలత ప్రకారం చేయించినవి కుదరదన్నారు, బిల్లు కూడా ఇవ్వలేదు. ఇలాంటి చోట కొలతలిచ్చి అడ్వాన్సు కట్టినవారుంటే, మిగతా డబ్బు ఇప్పుడే కట్టకండి.