ఇటలీవాళ్ల పేరా, ఇంటిపేరా: మూలాలు తెలియాలంటే ఏది మేలు?

ఒక ఇటలీ మనిషి మూలాలు తెలుసుకోవాలంటే పేరు చూడాలా, ఇంటిపేరు చూడాలా? నన్నడిగితే ఇంటిపేరే చూడమంటాను.

పేరు చాలాసార్లు ఒక పునీతుడిదో, తాతదో అయి ఉంటుంది. పెద్దకొడుక్కి నాన్నవైపు తాత పేరు పెట్టడం అక్కడా పాత ఆచారమే, ముఖ్యంగా దక్షిణాన. అందుకే జొవాన్ని అంటే హీబ్రూ మూలంలో 'దేవుడు దయ చూపాడు' అని తెలిసినా, ఆ మనిషి ఏ ఊరివాడో తెలియదు. జెన్నారో అయితే నేపుల్స్ వైపువాడని ఊహించవచ్చు, ఆ నగరాన్ని కాపాడే పునీతుడి పేరది. ఫ్రాన్చెస్కో వెనక మాత్రం చక్కటి కథ ఉంది. అస్సీసీలో పుట్టిన ఒక బాబుకి జొవాన్ని అని జ్ఞానస్నానం చేయించారు. బట్టల వ్యాపారి అయిన తండ్రి ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చి, 'ఫ్రెంచివాడు' అనే అర్థంతో ఫ్రాన్చెస్కో అని పిలిచాడట. ఆ బాబే సెయింట్ ఫ్రాన్సిస్.

ఇంటిపేరు దగ్గరికొస్తే ప్రాంతం, వృత్తి, రూపం అన్నీ బయటపడతాయి. కమ్మరి వంశం ఉత్తరాన ఎమీలియా ప్రాంతంలో ఫెరారీ అయితే, పియెమొంతె ప్రాంతంలో ఫెర్రేరో. మనం కొనే ఫెర్రేరో చాక్లెట్ల కంపెనీ ఆ పియెమొంతెదే! పూర్వీకుడిది ఎర్రజుట్టయితే ఉత్తరాన రోస్సి, దక్షిణాన రుస్సో. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ, అంటే క్యాథలిక్ మతపెద్దల సభ, చర్చిల్లో జ్ఞానస్నానాల, పెళ్లిళ్ల రిజిస్టర్లు తప్పనిసరి చేశాక ఈ ఇంటిపేర్లు స్థిరపడ్డాయి.

నా మనసుని పట్టేసేది ఎస్పోసితో. 'బయట వదిలేసిన' అని అర్థం. నేపుల్స్‌లోని అన్నున్జియాతా ఆశ్రమం గోడలో తిరిగే చెక్క తొట్టి ఉండేది. సాకలేని తల్లి బిడ్డను అందులో పెట్టి తిప్పితే లోపలివాళ్లు తీసుకునేవారు. అలాంటి పిల్లలకు పెట్టిన ఇంటిపేరు ఇది. ఆ తొట్టిని 1875లో మూసేశారు. మిలాన్‌లో అలాంటి పిల్లలు చాలామంది కొలంబో అయ్యారు, అక్కడి ఆసుపత్రి గుర్తు పావురం కాబట్టి.

ఇక్కడే ఇంటిపేరుకి ఒక లోటు కూడా ఉంది. ఎస్పోసితో అన్న ఇంటిపేరు తొట్టి దగ్గరే ఆగిపోతుంది, దానికి ముందున్న తల్లి ఎవరో చెప్పదు. అయినా ఆ తల్లి ఒకతి ఉందని గుర్తుచేసేది ఆ ఇంటిపేరే.