గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ సమీక్ష: మార్చిలో మొదలుపెడితే ఆలస్యమే

2005 నుంచి ఏటా నడుస్తున్న ప్రోగ్రామ్ ఇది. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మెంటర్ల (దారి చూపే అనుభవజ్ఞుల) దగ్గర పనిచేసి, రెండు మూల్యాంకనాలు పాసైతే గూగుల్ స్టైపెండ్ ఇస్తుంది. 2022 నుంచి విద్యార్థులే అయ్యుండాలన్న నిబంధన తీసేశారు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కి కొత్తయితే ఉద్యోగం చేస్తున్నవాళ్లూ అప్లై చేసుకోవచ్చు. 2025లో 15,240 మంది ప్రపోజల్స్ (ఏ పని ఎలా చేస్తారో రాసిన ప్రణాళికలు) పంపితే 1,280 మందికి అవకాశం వచ్చింది. పన్నెండు మందిలో ఒకరికన్నమాట. ఆ ప్రాజెక్టును ఒక్కసారి కూడా బిల్డ్ చేసి (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి) చూడకుండా పంపే ప్రపోజల్స్ ఏటా బోలెడు ఉంటాయి కాబట్టి, ముందునుంచి పనిచేసినవాళ్లకి అసలు పోటీ అంత ఉండదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అభ్యర్థుల్ని ఎంచేది గూగుల్ కాదు, ఆ ప్రాజెక్టులు నడిపే సంస్థలే. వచ్చిన ప్రపోజల్స్‌ని మెంటర్లు చదివి ర్యాంకులు వేసుకుని, "మాకు తక్కువలో తక్కువ ఇన్ని, ఎక్కువలో ఎక్కువ ఇన్ని స్లాట్లు కావాలి" అని అడుగుతారు. గూగుల్ ఇచ్చేది స్లాట్ల సంఖ్య మాత్రమే. ఐదు అడిగినచోట మూడే వస్తే, నాలుగో ర్యాంకు ప్రపోజల్ ఎంత బాగున్నా ఆగిపోతుంది. ఒకే ఐడియాకి ఇద్దరు గట్టి అభ్యర్థులు పోటీపడినా మామూలుగా ఒకరికే దక్కుతుంది. అందుకే సంస్థను ఎంచుకునే ముందు ప్రోగ్రామ్ సైట్‌లో పాత సంవత్సరాల ఆర్కైవ్ తెరిచి, ఆ సంస్థ ఏటా ఎంతమందిని తీసుకుందో లెక్కపెట్టండి. మూడు ప్రపోజల్స్ వరకు పంపవచ్చు గానీ, రెండు చాలు. మూడోదానికి పెట్టే టైమ్ మొదటిదానికి పెడితే ఫలితం ఎక్కువ.

ఎంపిక ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలంటే కోడ్‌లో చేసే మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ ప్రాజెక్టును మించిన ఉదాహరణ లేదు. అక్కడ ప్రపోజల్‌కి ముందు ఒక మైక్రోప్రాజెక్ట్ (పరీక్షలాంటి చిన్న పని) తప్పనిసరి. ఎక్కువమంది ఎంచుకునేది టెస్ట్ స్క్రిప్టుల్లో "టెస్ట్ -ఎఫ్" అని (ఫైల్ ఉందా అని చూసే ఆదేశం) ఉన్నచోట "టెస్ట్_పాత్_ఈజ్_ఫైల్" అనే హెల్పర్ పెట్టడం. ఫైల్ లేకపోతే మొదటిది ఏమీ చెప్పకుండా ఫెయిలవుతుంది, రెండోది ఫలానా ఫైల్ లేదని చెబుతుంది. డీబగ్ చేసేవాళ్లకి ఆ ఒక్క లైనే గంట ఆదా చేస్తుంది. పని తేలికే అనిపిస్తుంది, కొత్తవాళ్లు పప్పులో కాలేసేది కూడా ఇక్కడే. ఫైల్ ఉండకూడదని చూసే లైన్‌లో కూడా కేవలం పదం మార్చి, ముందున్న ఆశ్చర్యార్థకాన్ని ("కాదు" అని చెప్పే గుర్తుని) అలాగే వదిలేస్తారు. అప్పుడు టెస్ట్ పాసైన ప్రతిసారీ "ఫైల్ లేదు" అనే అనవసరమైన గోల వస్తుంది. అక్కడ పెట్టాల్సింది "టెస్ట్_పాత్_ఈజ్_మిస్సింగ్". ఫైండ్-రీప్లేస్ కొట్టి పంపారా, అర్థం చేసుకుని పంపారా అన్నది రివ్యూ చేసేవాళ్లకి ఈ ఒక్క చోటే తెలిసిపోతుంది.

ఆ తర్వాత వాళ్లు గమనించేది కామెంట్లకు మీరు స్పందించే తీరు. ప్యాచ్ (మీరు చేసిన మార్పు) ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టుకి వెళ్తుంది. మార్పుతోపాటు రాసే కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారో కాదు, ఎందుకు మార్చారో ఉండాలి. కింద, ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పే సైన్డ్-ఆఫ్-బై లైన్ ఉండాలి. స్పేసింగ్ సవరణలు, అసలు మార్పు కలిపి ఒకే ప్యాచ్‌లో కుక్కితే విడగొట్టమంటారు. రెండో వెర్షన్ పంపేటప్పుడు మొదటిదానికీ దీనికీ తేడా చూపే రేంజ్-డిఫ్ జతచేసి, ప్రతి కామెంటుకీ జవాబు రాస్తే మెంటర్‌కి నమ్మకం కుదురుతుంది. రివ్యూ వచ్చాక పది రోజులు మాయమైపోతే మాత్రం, ఆ మైక్రోప్రాజెక్ట్ ఎంత బాగున్నా లాభం లేదు. అన్నట్టు, గిట్ వాళ్లు ఒక్క మైక్రోప్రాజెక్ట్ బాగా చేస్తే చాలంటారు. స్పెల్లింగులు దిద్దే పుల్ రిక్వెస్టులు (మార్పును కలుపుకోమని అడిగేవి) ఇరవై పంపడం వల్ల ఎక్కడా మంచి పేరు రాదు.

ఇదంతా జరగడానికి కనీసం మూడు నాలుగు నెలలు కావాలి. 2025లో సంస్థల జాబితా ఫిబ్రవరి 27న వచ్చింది, అప్లికేషన్లు మార్చి 24 నుంచి ఏప్రిల్ 8 వరకు తీసుకున్నారు. జాబితా వచ్చేదాకా ఆగితే ఆరు వారాలే మిగులుతాయి. పెద్ద కోడ్‌బేస్ బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, మొదటి ప్యాచ్ మెర్జ్ అయ్యేసరికే (అసలు కోడ్‌లో కలిసేసరికే) అందులో సగం పోతుంది. నవంబరు, డిసెంబరుల్లో మొదలుపెట్టడమే సరైన పని. అయితే మీరు పనిచేస్తున్న సంస్థ ఆ ఏడాది జాబితాలో లేకుండా పోయే ప్రమాదం ఉంది. ఏటా పాల్గొంటూ వస్తున్నవాటిని ఎంచుకుంటే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది.

ప్రపోజల్ విషయానికొస్తే, మెంటర్లు ముందు చూసేది వారాల ప్లాన్. "మూడో వారం: పార్సర్ రాస్తాను" అంటే అది ఎవరైనా రాయగల వాక్యం. ఏ ఫైల్‌లో ఏ ఫంక్షన్ మారుతుంది, పాత ఇన్‌పుట్ ఫార్మాట్ తెగిపోకుండా ఏం చేస్తారు, ఏ టెస్టులు జోడిస్తారు, సాగకపోతే ఏది వదిలేస్తారు అని రాస్తే మీరు కోడ్ చదివారని తెలుస్తుంది. చాట్‌బాట్‌తో రాయించిన ప్రపోజల్‌లో సరిగ్గా ఈ వివరాలే ఉండవు, ఉన్నా లేని ఫంక్షన్ల పేర్లుంటాయి. ప్రాజెక్టు సైజు 90, 175, 350 గంటల్లో ఏదో కూడా రాయాలి. 350 గంటలంటే 12 వారాల్లో వారానికి దాదాపు 29 గంటలు. సెమిస్టర్ పరీక్షలు మధ్యలో పడితే ఆ వారాల్ని ఖాళీగా చూపించండి. దాచిపెడితే మిడ్‌టర్మ్ (మొదటి మూల్యాంకనం) నాటికి బయటపడుతుంది. మెంటర్ ఒప్పుకుంటే గడువు 22 వారాల దాకా సాగదీసుకోవచ్చు. డ్రాఫ్ట్‌ని చివరి తేదీకి రెండు వారాల ముందే మెంటర్లకు చూపించాలి, ఆఖరి మూడు రోజుల్లో చదివే తీరిక వాళ్లకి ఉండదు. గడువు 18:00 యూటీసీ, అంటే మనకి రాత్రి 11:30. పీడీఎఫ్‌ని ఎన్నిసార్లయినా మార్చుకునే వీలుంది కాబట్టి, ఒక కాపీ ముందురోజే ఎక్కించేయండి.

డబ్బు సంగతి. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. 2025లో భారత్ నుంచి చేసేవాళ్లకి 175 గంటల ప్రాజెక్టుకి 1,500 డాలర్లు, 350 గంటలకి 3,000. మిడ్‌టర్మ్ పాసయ్యాక 45 శాతం, చివరి మూల్యాంకనం తర్వాత 55 శాతం పేయోనీర్ అనే చెల్లింపుల సర్వీసు ద్వారా వస్తాయి. మిడ్‌టర్మ్‌లో ఫెయిలైతే అక్కడితో సరి, రూపాయి కూడా రాదు. పేయోనీర్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా మే నెలలోనే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండే మనవాళ్లకి ఇది మరీ అవసరం. ఇక ఈ ప్రోగ్రామ్‌కి ఏ దశలోనూ ఫీజు లేదు. సెలెక్షన్ గ్యారంటీ అని డబ్బు అడిగేవాళ్ల మాట నమ్మకండి.

ఈ ప్రోగ్రామ్‌లో పెద్ద లోపం తిరస్కరణ. నెల రోజులు ఎదురుచూశాక రాలేదని మెయిల్ వస్తుంది, ఎందుకు రాలేదో అందులో ఉండదు. స్లాట్లు చాలక ఆగిందా, ప్రపోజల్ బాగాలేదా అన్నది అభ్యర్థికి తెలియదు. మర్యాదగా అడిగితే కొందరు మెంటర్లు చెబుతారు, అడగడంలో తప్పులేదు. నెలల తరబడి ఊరికే పనిచేసిన పిల్లలకి రెండు వాక్యాల కారణమైనా చెప్పించే ఏర్పాటు ఉండాల్సింది.

రాకపోతే ఏడాదంతా ఆగక్కర్లేదు. లైనక్స్ ఫౌండేషన్ వాళ్ల ఎల్ఎఫ్ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదికి మూడు విడతలు నడుస్తుంది. అవుట్రీచీ అనే ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామ్‌కి రెండు విడతలు, ఏ దేశంవాళ్లకైనా ఒకటే స్టైపెండ్, 7,000 డాలర్లు. అయితే టెక్ రంగంలో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్నవాళ్ల కోసమే అది, మొదటి దశలోనే ఆ ప్రాతినిధ్యం విషయం మీద వ్యాసాలు అడుగుతారు. డిసెంబరు విడత మన కాలేజీ విద్యార్థులకి వర్తించదు, మే విడతకే పెట్టుకోవాలి.