హైదరాబాద్ జూ పార్కా, వైజాగ్ జూ పార్కా: ఏది మేలు?

సెలవులు దగ్గరపడితే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను ఇదే అడుగుతారు: పిల్లల్ని తీసుకెళ్లడానికి హైదరాబాద్ జూ బాగుంటుందా, వైజాగ్‌దా? ఆ వెంటనే, "తెల్లపులి ఎక్కడ బాగా కనిపిస్తుంది?" అని కూడా అడుగుతారు. మొన్న దసరాకి అక్క పిల్లలతో పది రోజుల తేడాలో రెండూ తిరిగొచ్చాను. ఆ చూసింది గుర్తుండగానే రాస్తున్నాను.

చోటు సంగతికొస్తే వైజాగే. 625 ఎకరాలు, వెనకాల కంబాలకొండ అడవి, ఎదురుగా సముద్రం. 1977 నుంచీ ఉన్నా, నడుస్తుంటే కట్టిన పార్కులో కాక కొండవాలు మీద ఉన్నట్టే ఉంటుంది. హైదరాబాద్‌ది 380 ఎకరాలు, మీర్ ఆలం చెరువు పక్కన, 1963లో తెరిచారు. నగరం నాలుగు వైపులా ముసురుకుంది, ఆదివారం జనం కిటకిటలాడతారు. సఫారీ, చిన్న రైలు, బ్యాటరీ బండ్లు ఉన్నాయి కాబట్టి ముసలివాళ్లతో వెళ్తే హైదరాబాదే సుఖం.

చాలామంది పోలిక ఇక్కడితో ఆపేస్తారు. నేను మాత్రం జూలో పుట్టిన జంతువు పిల్ల తర్వాత ఎక్కడికి వెళ్తుందన్నది చూస్తాను.

తెల్లపులి కూన పుట్టిందంటే పేపర్లో ఫొటో పడుతుంది, వారం రోజులు గేటు దగ్గర క్యూ పెరుగుతుంది. ఆ కూన మాత్రం అడవికి వెళ్లదు. మన జూల్లోని తెల్లపులుల్లో చాలావాటి మూలం 1951లో రేవా సంస్థానంలో పట్టుబడ్డ మోహన్ అనే ఒక్క పులి. తెలుపు రావాలంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు అందాలి, అందుకని తండ్రినీ కూతుర్నీ జత కలిపారు. మెల్లకన్ను ఆ జన్యువుతోనే వస్తుంది, ఇంకొన్ని లోపాలు అలా దగ్గరివాటిని జత కలపడం వల్ల వచ్చినవే. పిల్లలకి తెల్లపులిని చూపించండి, నాకేం అభ్యంతరం లేదు. దానికోసమే జూని ఎంచుకోకండి.

కొత్తగా వచ్చే విదేశీ జంతువుల సంగతీ అంతే. సౌదీ రాజకుటుంబం నుంచి బహుమతిగా వచ్చిన చీతాలు హైదరాబాద్‌లో కొన్నేళ్లు పెద్ద ఆకర్షణ. ఆడది 2020లో పోయింది, మగది 2023 మార్చిలో పోయింది. మన అడవికి వాటివల్ల ఒరిగిందేమీ లేదు.

వైజాగ్‌లో నన్ను కట్టిపడేసింది రేచుకుక్కల (ధోల్ అనే అడవికుక్కల) గుంపు. దేశంలోని జూలని పర్యవేక్షించే కేంద్ర జూ అథారిటీ, ఇవి అంతరించిపోకుండా పిల్లలు పెట్టించే పని అప్పగించిన జూ ఇది. పదిన్నర వేళ అన్నీ చెట్టు నీడలో పడుకుని ఉన్నాయి. ఎర్రమట్టి రంగు ఒళ్లు, గుండ్రటి చెవులు, నల్లటి గుబురు తోక. మేనకోడలు కాసేపు చూసి, "మామయ్యా, కుక్కని ఎందుకు పెట్టారిక్కడ?" అంది. అంతలో ఒకటి లేచి ఈల వేసింది. మొరుగు కాదు, నిజంగా ఈలే. ఒక్క క్షణంలో మిగతా నాలుగు తలలూ లేచాయి. ఆ తర్వాత మా పిల్ల అక్కణ్ణించి కదలనంటే కదలనంది. ఇవి గుంపుగా తప్ప బతకవు. సాధారణంగా ఒక్క జంటే కంటుంది, మిగతావి వేటాడి తిన్నది కక్కి పిల్లలకి పెడతాయి. అలాంటి జంతువు జూలో పిల్లలు పెట్టిందంటే గుంపు కుదురుగా ఉందన్నమాట. నా దృష్టిలో ఏ తెల్లపులి కూన కన్నా పెద్ద వార్త ఇది.

అయినా అక్కడ పుట్టిన పిల్లల్ని అడవిలో వదలడం తేలిక కాదు. వేట నేర్పే పెద్దలుండాలి, సరిపడా జింకలుండాలి, చుట్టుపక్కల ఊళ్ల మేకల మీదా దూడల మీదా పడతాయన్న భయమూ ఉంటుంది.

ఈ దగ్గరే నేను హైదరాబాద్ వైపు మొగ్గుతాను. అక్కడ 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన లాకోన్స్‌తో (అంతరించిపోయే జంతువుల్ని కాపాడే ప్రయోగశాల) కలిసి మూషిక జింకల పెంపకం మొదలైంది. మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అతి చిన్నది ఇదే, బరువు మూడు కిలోలు, కొమ్ములుండవు. మగదానికి కొమ్ములకి బదులు చిన్న కోరలుంటాయి. పట్టుకుంటేనే బెదిరిపోయే ప్రాణి కాబట్టి రక్తం తీయకుండా పెంటికల్లోని హార్మోన్లు కొలిచి అది ఎప్పుడు చూలు కడుతుందో, ఎప్పుడు ఈనుతుందో తెలుసుకున్నారు. చూలు దాదాపు అయిదు నెలలు. ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ జత కడుతుందని కూడా అలాగే తెలిసింది. ఈ సంగతి తెలియకుండా ఈనగానే మగదాన్ని వేరు చేస్తే, ఆ అదను పోయినట్టే కదా! గుప్పెడు జంతువులతో మొదలైన మంద రెండొందలు దాటింది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లి, కంచె వేసిన చోట కొన్నాళ్లు అలవాటు చేసి వదిలారు. రాలిన కాయలూ లేత ఆకులూ తినే జంతువు కాబట్టి దానికి వేట నేర్పాల్సిన పని లేదు. పులికీ చిరుతకీ ఆహారమవుతుందని తెలిసే వదిలారు, అడవిలో దాని చోటు అది.

ఈ మూషిక జింకల పెంపకం జరిగే చోటికి మనల్ని పోనివ్వరు, పోనివ్వకూడదు కూడా. దాని బదులు నిశాచర జంతువుల శాలకి వెళ్లండి. అక్కడ దీపాలతో పగలుని రాత్రి చేస్తారు. లోపలికెళ్లిన మొదటి రెండు నిమిషాలు ఏమీ కనిపించదు, చాలామంది అప్పుడే బయటికొచ్చేస్తారు. మేం నిలబడ్డాం. కాసేపటికి దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, నిజానికి కోతులకి బంధువైన చిన్న జంతువు) ఒక చెయ్యి ముందుకి చాచి, కొమ్మ పట్టుకుని, రెండో చెయ్యి తీయాలా వద్దా అన్నట్టు ఆగింది. అది మూరెడు కొమ్మ దాటేదాకా పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

ఇక తిరుపతి జూది 5,532 ఎకరాలు, దర్శనానికి వెళ్లినప్పుడు ఒక పూట మిగిలితే వెళ్లొచ్చు. వరంగల్‌ది చిన్నది, ఆ ఊరివాళ్లకి సాయంత్రం కాలక్షేపానికి చాలు.

కాబట్టి ఒక్కటే చూడగలిగితే హైదరాబాద్. విశాఖ వైపు ఉన్నవాళ్లు అంత దూరం రానక్కర్లేదు, రేచుకుక్కల దగ్గర అరగంట కూర్చోండి. రెండు చోట్లా సోమవారం సెలవు. పొద్దున్నే గేటు తీసే వేళకి వెళ్లండి, ఎండెక్కితే అన్నీ నీడపట్టున పడుకుంటాయి.