“హోస్ట్ బేస్డ్ ఎస్ఎస్‌హెచ్ ఉంది” అన్న మాట నమ్మి స్విచ్ కొనకండి

ప్రతి రాత్రి నెట్‌వర్క్ స్విచ్ కాన్ఫిగరేషన్‌ని మా బ్యాకప్ సర్వర్ తనంతట తానే తెచ్చుకోవాలి, స్క్రిప్టులో పాస్‌వర్డ్ రాసి పెట్టకూడదు. నాకు కావాల్సింది ఇంతే. ఒక 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఫీచర్లలో “ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 2, హోస్ట్ బేస్డ్ అథెంటికేషన్” అని కనబడగానే ఇంకేమీ అడక్కుండా ఆర్డర్ పెట్టేశాను. ఎస్ఎస్‌హెచ్ అంటే నెట్‌వర్క్ మీంచి పరికరంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి. హోస్ట్ బేస్డ్ అంటే పాస్‌వర్డ్ బదులు, లాగిన్ అయ్యే మెషీన్ సొంత కీని చూసి రానివ్వడం.

సర్వర్‌కున్న ఈడీ25519 రకం హోస్ట్ కీని (ఆ మెషీన్‌ని గుర్తుపట్టే కీని) స్విచ్‌లో పేస్ట్ చేస్తే చెల్లదంది. ఆర్ఎస్ఏ అనే పాత రకం కీ ఇస్తే తీసుకుంది. అమ్మయ్య అనుకునేలోపు ఈసారి సర్వరే మొండికేసింది. కారణం ఏంటంటే, ఈ స్విచ్‌కి షా-1 అనే బలహీనమైన హ్యాష్ పద్ధతితో చేసే పాత ఆర్ఎస్ఏ సంతకం తప్ప ఇంకోటి రాదు. సర్వర్‌లో ఉన్న ఎస్ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్, 2021లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆ ఒక్క స్విచ్‌ కోసం పాత పద్ధతికి మినహాయింపు రాయాల్సి వచ్చింది. కొత్త ఫర్మ్‌వేర్ ఉందా అని అడిగితే ఆ మోడల్‌కి ఇక అప్‌డేట్లు రావన్నారు. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పలేదు.

ఆ తర్వాత కూడా ఒక సాయంత్రమంతా “పర్మిషన్ డినైడ్” చూస్తూ కూర్చున్నాను. ఇందులో స్విచ్ తప్పేమీ లేదు. హోస్ట్ బేస్డ్‌లో సంతకం చేసేది యూజర్ కీ కాదు, మెషీన్ కీ. అందుకని బ్యాకప్ సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్ కీసైన్‌ని (మెషీన్ కీతో సంతకం చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ని) ఆన్ చేయాలి. నేను మర్చిపోయాను.

అసలు దెబ్బ వేరే. అంతా పనిచేస్తోంది కదా అని స్విచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కాన్ఫిగరేషన్ సేవ్ చేశాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. పాస్‌వర్డ్ వద్దన్న సెట్టింగ్ భద్రంగానే ఉంది, నమ్మాల్సిన హోస్ట్‌ల కీలు మాత్రం మాయం! అవి స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లోకి (ఆన్ అయ్యేటప్పుడు స్విచ్ చదువుకునే సెట్టింగ్‌ల్లోకి) ఎక్కనే లేదు. నెట్‌వర్క్ మీంచి లోపలికి వెళ్లే దారి లేదు. కన్సోల్ కేబుల్ వెతికి తెచ్చి, ర్యాక్ వెనక నిలబడి కీలన్నీ మళ్లీ ఎక్కించాను. మళ్లీ రీబూట్ చేసి చూస్తే మళ్లీ అదే కథ. అమ్మినవాళ్లని అడిగితే “ఎస్ఎస్‌హెచ్ పనిచేస్తోంది కదండీ” అన్నారు.

మీరు కొనేముందు ఏ రకం కీలు తీసుకుంటుంది, షా-1 తర్వాత వచ్చిన గట్టి పద్ధతి షా-2తో సంతకాలు వచ్చా, రీబూట్ అయ్యాక కీలు ఉంటాయా అని రాతపూర్వకంగా అడగండి. చేతికొచ్చాక వాపసు గడువు లోపలే ఎస్ఎస్‌హెచ్‌ని రెండు ‘వీ’ల ఆప్షన్‌తో (-vv, జరిగేదంతా వివరంగా చూపిస్తుంది) నడిపి చూడండి. లాగిన్ అవకముందే స్విచ్ ఇచ్చే అల్గారిథమ్‌ల జాబితా కనబడుతుంది. ఏయే పద్ధతుల్లో లోపలికి రానిస్తుందో కూడా ఆ కిందే వస్తుంది, అందులో ‘హోస్ట్‌బేస్డ్’ అన్న పదం ఉందో లేదో చూసుకోండి. తర్వాత ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, ఇంకోసారి లాగిన్ అవండి. పాస్‌వర్డ్ ఆపేది ఆ తర్వాతే, అదీ ఇంకో సెషన్ తెరిచి ఉంచుకుని.

ఇంకోటి, ఈ పద్ధతిలో యూజర్ ఎవరన్నది అవతలి మెషీన్ చెప్పిందే స్విచ్ నమ్ముతుంది. ఆ సర్వర్‌లో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) దొరికినవాడు ఏ యూజర్‌ పేరుతోనైనా రాగలడు. అందుకే బ్యాకప్‌కి చదవడానికి మాత్రమే హక్కున్న ఖాతా పెట్టి, ఆ సర్వర్ నుంచి అడ్మిన్ ఖాతాకి హోస్ట్ బేస్డ్ చెల్లకుండా చేయాలి. నా స్విచ్‌లో ఖాతాల వారీగా అలా విడదీసే వీలే లేదు. వాపసు గడువు దాటిపోయింది కాబట్టి ప్రస్తుతానికి దాన్ని టెస్ట్ బెంచ్ మీద పెట్టి, పాస్‌వర్డ్‌తోనే వాడుతున్నాను.