ఐదు నెలల వాడకం తర్వాత: అయస్కాంతాల క్యూబ్, మా అమ్మాయి, నేను

నలభై దాటేదాకా నేను రూబిక్ క్యూబ్ చేత్తో పట్టుకోలేదు. కాబట్టి ఇది ఆటలో పండిపోయినవాడి రివ్యూ కాదు, తొమ్మిదేళ్ల కూతురున్న ఒక నాన్న రివ్యూ. రోజూ దానితో కాసేపు గడపాలని అంతకుముందు ఏవేవో కొన్నాను. రిమోట్ కారు రెండు రోజుల్లో మూలన పడింది. బోర్డ్ గేమ్‌కి నలుగురు కావాలట, మా నలుగురం ఒక్కచోట చేరేదే తక్కువ. చివరికి జరిగేదేంటంటే, అది ఆడుకుంటూ ఉంటుంది, నేను పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాను. దాన్నే 'పిల్లతో గడపడం' అని చెప్పుకునేవాణ్ని.

మేం తీసుకున్నది 3×3 క్యూబ్, స్టిక్కర్లు లేని రకం. ప్లాస్టిక్‌కే రంగు ఉంటుంది కాబట్టి ఊడేదేం లేదు, ఐదు నెలలైనా రంగు వెలవలేదు. లోపల చిన్న అయస్కాంతాలున్నాయి. వరస తిప్పి వదిలేస్తే, కొంచెం తేడాగా ఆగినా తనే టక్కుమని సర్దుకుంటుంది. చిన్న చేతులకు ఇది చాలా మేలు. అయస్కాంతాల్లేని మామూలు క్యూబ్ కూడా ఒకటి చూశాం. సగంలో బిగుసుకుపోతుంటే మా అమ్మాయికి విసుగు, దాన్ని చూసి నాకు విసుగు.

పెట్టెలో ఇచ్చిన కాగితం మాత్రం దండగ. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, బాణం గుర్తులు ఎటు తిరగమంటున్నాయో అర్థం కాదు. వీడియోలు చూసి మా భాషలో మేమే రాసుకున్నాం: "కుడి పైకి, పైది ఎడమకి, కుడి కిందికి, పైది కుడికి." ఈ నాలుగు కదలికలే ఎక్కడ చూసినా వస్తుంటాయి. ఒకరోజు మా అమ్మాయి సాల్వ్ చేసిన క్యూబ్ మీద ఇవే వరసగా తిప్పుకుంటూ పోయింది. రంగులన్నీ చెదిరిపోయాయి, "అయిపోయిందిక" అనుకున్నాను. ఆరోసారి పూర్తయ్యేసరికి అన్నీ ఎక్కడివక్కడ! "నాన్నా, మళ్లీ చూడు" అంటూ ఇంకో ఆరు సార్లు తిప్పింది. అది నాకు తెలియని విషయం, దానికి తెలిసిన విషయం. ఆ రాత్రి దాని మొహం చూడాలి.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది అదే. లెక్కలైనా, సైకిలైనా నేను నేర్పేవాణ్ని, అది నేర్చుకునేది. ఇక్కడ ఇద్దరం ఒకేసారి సున్నా నుంచి మొదలుపెట్టాం. 1974లో దీన్ని తయారుచేసిన ఎర్నో రూబిక్‌కే మళ్లీ సరిచేయడానికి నెల దాకా పట్టిందని చెబితే మా అమ్మాయి తెగ సంబరపడింది. నాకు ఆరు వారాలు పట్టింది, దానికి నాలుగు. ఇప్పుడు దాని టైమ్ నిమిషం నలభై సెకన్లు, నాది మూడు నిమిషాల పైనే.

ఇక అసలు గొడవ. రెండో నెలలో క్యూబ్ మంచం మీంచి పడి, ఒక మూల ముక్క ఊడింది. గబగబా నొక్కి పెట్టేశాను. ఆ తర్వాత మూడు రాత్రులు ఎంత తిప్పినా చివర్లో ఒక మూల అడ్డంగానే ఉండిపోయేది. "నువ్వే ఎక్కడో తప్పు తిప్పుతున్నావ్, సరిగ్గా చూడు" అని రెండుసార్లు గట్టిగానే అన్నాను. పాపం, అది మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేది. తర్వాత తెలిసింది, మూల ముక్కను మూడు రకాలుగా బిగించొచ్చు, అందులో ఒక్కటే సరైనది. మిగతా రెండు రకాల్లో పెడితే ఎంతటివాడైనా సాల్వ్ చేయలేడు. అంటే తప్పు నాదే. ఆ మాటే చెప్పి సారీ అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇకనుంచి ఊడితే నేనే పెడతాను" అంది. ఇప్పటికీ ఆ పని నాకు ఇవ్వదు.

ఇంకో సంగతి కొన్నప్పుడు ఊహించలేదు. దీనికి రెండు చేతులూ కావాలి, కళ్లూ దాని మీదే ఉండాలి. ఫోన్ పట్టుకునే దారే లేదు. చెరో క్యూబ్‌తో పక్కపక్కన కూర్చుంటాం కదా, ఎదురుబదురుగా అడిగితే "ఏం లేదు" అనే పిల్ల, తల ఎత్తకుండానే ఏవేవో చెబుతుంది. ఒకసారి అలాగే తిప్పుతూ, "నాన్నా, క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు" అంది. నేను వరస మధ్యలో ఉన్నాను, ఎక్కడున్నానో మర్చిపోయాను. అయినా తిప్పుతూనే ఉన్నాను. ఆపి దాని వైపు తిరిగితే అక్కడితో ఆగిపోతుందని నా భయం. పావుగంట చెప్పింది.

కొనేవాళ్లకు రెండు మాటలు. ఒకటి కాదు, రెండు తీసుకోండి. ఒక్కటే ఉంటే ఒకరు ఆడటం, ఒకరు చూడటం అవుతుంది, మళ్లీ ఫోన్ బయటికొస్తుంది. మధ్య ముక్కల మూతల కింద స్క్రూలు ఉంటాయి, మొదట్లో కాస్త బిగువుగానే ఉంచండి. వదులు చేస్తే వేగం వస్తుంది గానీ మూలలు ఊడతాయి, నాలాంటి వాళ్ల చేతిలో పడితే మూడు రాత్రులు పోతాయి. మరీ చిన్నపిల్లలుంటే క్యూబ్‌ని పైన పెట్టండి, లోపలి అయస్కాంతాలు మింగితే చాలా ప్రమాదం.

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ కాగితానికి కోసేశాను. మా అమ్మాయి మాత్రం ఐదు ఇవ్వమంది, ఊడిన మూల క్యూబ్ తప్పు కాదట.