గ్యాస్ గీజర్ వెలగట్లేదా? అనంతపురంలో నాకు దొరికిన మంచి మెకానిక్

మా గీజర్ ట్యాపు తిప్పితే ఒకరోజు టిక్ టిక్‌మనేది, ఇంకోరోజు చప్పుడే ఉండేది కాదు, అమ్మ తెల్లవారుజామునే స్నానం చేస్తుంది కాబట్టి ఇంట్లో రోజూ టెన్షనే. కంపెనీ సర్వీసు వాళ్లు చూడకుండానే కొత్తది కొనమన్నారు. చివరికి క్లాక్ టవర్ దగ్గర రిపేరు షాపు అన్నను పిలిచాను. పదింటికి వస్తానని నాలుగింటికి వచ్చాడు, అదొక్కటే లోటు.

ముందు రెండు పెద్ద సెల్లులు మార్చి చూశాడు, లాభం లేదు. తర్వాత నీళ్లొచ్చే పైపు దగ్గర చిన్న జాలీ విప్పి నా అరచేతిలో పెట్టాడు. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా గట్టిపడి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి! నీళ్ల ఒత్తిడి లోపలి రబ్బరు పొరను నెట్టితేనే స్పార్కు వస్తుందట, గ్యాసు కూడా అప్పుడే తెరుచుకుంటుందట. జాలీ కడిగి, స్పార్కు కడ్డీ మసి గరుకు కాగితంతో రుద్దాడు, వెంటనే నీలం మంట! మూడు వందలే తీసుకున్నాడు. బాత్రూమ్ లోపలున్న గీజర్‌ను బయటి గోడకు మార్పించమని గట్టిగా చెప్పాడు, గాలి ఆడని చోట గ్యాసు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి. ఆదివారమే మార్పిస్తున్నాం, ఆయనతోనే.